పాత గిటారుకు కొత్త పూత

ధ్యాన భాగములు: సామెతలు 26:23; మత్తయి 23:25–28; యోహాను 20:24–29



మాసిపోయిన పాత లోహపు వస్తువొకటి మన చేతికి వచ్చినప్పుడు మనమేమి చేయవలెను? దానిని తోమవలెనా? మెరుగు పెట్టించవలెనా? కొత్త పూత పూయించవలెనా? లేక ఉన్నదానిని ఉన్నట్లుగానే ఉంచవలెనా? ఇది అంగడి వీధిలో అడుగవలసిన ప్రశ్న గాని దేవుని మందిరములో అడుగవలసినది కాదని కొందరనవచ్చును. పరిశుద్ధ గ్రంథమును చదువువారు మాత్రము అట్లనరు. మట్టిపెంకు మీది వెండి పూత, ఇత్తడి డాళ్లు, మందసపు బంగారు రేకు, గిన్నె, పళ్లెము, ఇవన్నియు దేవుని వాక్యములో మనుష్యుల హృదయములను గూర్చి సాక్ష్యమిచ్చుచున్నవి. కాబట్టి ఈ నెల ఒక వాయిద్యమును, దాని లోహపు భాగములను మన యెదుట పెట్టుకొని ఈ ప్రశ్నను ఆలోచింతము. ఆ వాయిద్యము పేరు స్టీలు గిటారు.

మన సంఘములలో హార్మోనియము, తబలా, కంజిర, తాళములు అందరెరిగినవే. గిటారు కూడ ఇప్పుడు అనేక గ్రామములకు వచ్చినది. అయితే స్టీలు గిటారును అందరు చూచి యుండరు. దీనిని ఒడిలో వెల్లకిల పరుండబెట్టి వాయింతురు. ఎడమచేతి వ్రేళ్లతో తీగెలను నొక్కుటకు బదులు, ఒక ఉక్కు కడ్డీని వాటిమీద జార్చుచుందురు, కుడిచేతితో మీటుదురు. అందుచేత దాని స్వరము మెట్టు మెట్టుగా గాక, మనుష్యుని కంఠమువలె జారుచు, వణకుచు, కొన్నిసార్లు ఏడ్చుచున్నట్లుగా పలుకును. మన దక్షిణదేశపు గోటువాద్యమును ఎరిగినవారికి ఈ రీతి క్రొత్త కాదు. దానికిని మెట్లు లేవు, చేతిలోని కొయ్యముక్క తీగెలమీద జారును.

ఈ వాయిద్యము పసిఫిక్ మహాసముద్రములోని హవాయి దీవులలో పుట్టినది. 1874లో ఓఆహు దీవిలోని లాయియె అను ఊరిలో జన్మించిన జోసెఫ్ కెకుకు దీనికి మూలపురుషుడని చెప్పుదురు. అతడు బాలుడై యుండగా రైలు పట్టాల యొద్ద దొరికిన ఇనుప మేకు వంటి దానిని తీగెలకు తగిలించి, ఆ ధ్వనికి ఆశ్చర్యపడెనని ఒక కథ వాడుకలో నున్నది. పిమ్మట అతడు నున్నని ఉక్కు కడ్డీతో వాయించు పద్ధతిని సాధించి, 1904లో హవాయిని విడిచి అమెరికాలోను ఐరోపాలోను వాయించి, 1932లో మరణించెను. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనలో హవాయి సంగీతమును విన్న జనులు దానిమీద ఎంతో మక్కువ పడిరి. హవాయివాడైన టావు మోయే తన కుటుంబముతో 1940లలో కలకత్తాలో నివసించెను. ఆలాగున మన దేశములో కూడ ఈ వాయిద్యము వేరూనెను.

స్టీలు గిటారు అను పేరు దాని ఒంటికి ఉక్కు తొడిగినందున వచ్చినది కాదని గ్రహింపవలెను. తొలుత వాటిని కొయ్యతోనే చేసిరి. పేరు వచ్చినది వాయించువాని చేతిలోని ఆ చిన్న ఉక్కు కడ్డీనిబట్టి. లోహపు ఒళ్లు తరువాత వచ్చినది. పెద్ద సభలలో గిటారు ధ్వని వినబడుట లేదని, జాన్ డోపియెరా అను పనివాడును అతని తోటివారును లాస్ ఏంజెలెస్ నగరమున 1927లో నేషనల్ అను పేరుతో ఒక క్రొత్త గిటారును తెచ్చిరి. దాని లోపల పలుచని అల్యూమినియపు గిన్నెల వంటివి మూడు అమర్చిరి. ధ్వనిని పెంచునవి అవే. దాని ఒంటిని జర్మన్ సిల్వరుతో చేసి నికెలు పూత పూసిరి. కొన్నిటిమీద చేతితో పువ్వులు చెక్కిరి. ఒక రకముమీద అడవి గులాబి, మరియొక రకముమీద లోయలలో పూయు తెల్లని పూలగుత్తి. ఈ పూలగుత్తి పేరు వినగానే పరమగీతము రెండవ అధ్యాయము మనకు జ్ఞాపకము వచ్చును. చవుకగా దొరకుటకై మరికొన్నిటిని ఇత్తడితోను ఉక్కుతోను చేసి, వాటికిని నికెలు పూసిరి. 1932లో విద్యుత్తుతో పలుకు స్టీలు గిటారు అంగడికి వచ్చెను. పోత అల్యూమినియముతో చేసిన దాని ఆకారమును చూచి జనులు దానికి పెనము అని ముద్దుపేరు పెట్టిరి. కొలది కాలములోనే క్రోమియపు పూత గల రేకులు, మూతలు ఇట్టి వాయిద్యములకు వచ్చినవి.

జర్మన్ సిల్వరు గిన్నెలు మన ఇండ్లలో కూడ ఉండును. అందులో రాగి, నికెలు, తుత్తునాగము కలవు. వెండి ఏ మాత్రమును లేదు. పేరులో వెండి యున్నది, లోహములో లేదు. ఈ మాటను ఇక్కడ గురుతుంచుకొనుడి. మరల దీనికి వత్తుము.

ఈ వాయిద్యము దేవుని ఆరాధనలోనికి వచ్చిన చరిత్ర కూడ మనోహరమైనది. 1903లో మేరీ మగ్దలేనా టేట్ అను నల్లజాతి స్త్రీ అమెరికాలో స్థాపించిన సంఘమొకటి, 1 తిమోతి 3:15లోని మాటలను తన పేరులో ధరించుకొన్నది. ఆ సంఘపు శాఖయొకటి హౌస్ ఆఫ్ గాడ్ అని పిలువబడుచున్నది. 1930ల ఉత్తరార్ధములో ఫిలడెల్ఫియా నగరమునకు చెందిన ట్రోమన్ ఈసన్, ఆ తరువాత అతని తమ్ముడు విల్లీ ఈసన్, ఈ స్టీలు గిటారును ఆ సంఘపు ఆరాధనలో వాయింపసాగిరి. ఇతర సంఘములలో ఆర్గను చేయు పనిని వీరిలో స్టీలు గిటారు చేయుచు వచ్చినది. ప్రసంగీకుని మాటకు బదులు పలుకుచు, ప్రార్థించువారితో కూడ మూల్గుచు, స్తుతించువారితో కూడ ఆర్భటించుచు అది తరతరములుగా సేవచేసినది. బయటి లోకము ఈ సంగతిని 1990లలో గాని బాగుగా ఎరుగలేదు. అరువది సంవత్సరములు మెప్పు లేకయే, ఆదివారము తరువాత ఆదివారము ఆ సేవ జరిగినది.

ఇట్టి పాత గిటారులు నేడు ఏ స్థితిలో దొరకును? నికెలు మసకబారి పసుపు కలిసిన బూడిదరంగు పట్టియుండును. అల్యూమినియముమీద తెల్లని పొడి లేచియుండును. ఉక్కు మరలమీద తుప్పు చుక్కలు పడియుండును. వాయించువాని కుడి అరచేయి ఆనుకొనుచు వచ్చిన చోట పూత పూర్తిగా అరిగి, అడుగు లోహము కనబడుచుండును. ఇప్పుడు మన ప్రశ్న వచ్చుచున్నది. దీనిని ఏమి చేయుట న్యాయము?

చేయదగిన పనులు మూడు కలవు. ఈ మూటిని ఒకటే అనుకొనువారు అనేకులు. ఒకటి కావని మేము చూపగోరుచున్నాము.

మొదటిది శుభ్రపరచుట. మెత్తని గుడ్డతో చెమట జిడ్డును, దుమ్మును, పొగను తుడిచివేయుట. దీనివలన పోవునది మురికి మాత్రమే. వస్తువు తన సొంత ముఖముతో మన యెదుటికి వచ్చును. ఉన్నదానిని కనుపరచుటయే శుభ్రపరచుట. దావీదు తన పాపమును ఒప్పుకొని, నన్ను కడుగుమని దేవుని వేడుకొన్నప్పుడు ఇట్టి పనినే కోరెను. తన్ను వేరొక మనిషిగా చూపుమని అతడు అడుగలేదు. తనమీది మలినమును తీసివేయుమని అడిగెను. ఈ పనికి వెనుదీయువారిని మేము మెచ్చలేము. పాతది గనుక మురికి కూడ పవిత్రమే అనుట మూఢభక్తి. మరియు ఇందులో ఒక ముఖ్య సంగతి కలదు. స్టీలు గిటారు భాగములన్నిటిలో అద్దమువలె నున్నగా నుండవలసినది వాయించువాని చేతిలోని ఉక్కు కడ్డీయే. అది గరుకైనను తుప్పుపట్టినను తీగెమీద గీచుకొని కీచుమనును, కీర్తన చెడిపోవును. పై రేకు ఎంత మసకగా నున్నను స్వరమునకు లోటు లేదు. కడ్డీ మసకైనచో మాత్రము వినువారందరికి తెలిసిపోవును. కంటికి కనబడు మెరుపు వేరు, పాటకు పనికివచ్చు నునుపు వేరు. మనము ఎక్కువగా శ్రద్ధ చేయునది ఏది?

రెండవది మెరుగు పెట్టుట. ఇది తుడుచుట కాదు, అరగదీయుట. తిరుగుచున్న గుడ్డ చక్రమునకు రాపిడి మందు పట్టించి లోహమును దానికి ఆనింతురు. మెరుపు వచ్చును, నిజమే. అయితే ప్రతిసారి కొంత లోహము పోవును. పాత నికెలు పూత మందము మిల్లీమీటరులో నూరవ పాళ్లతో లెక్కింపదగినంత పలుచన. చక్రము చదునైన చోటకంటె అంచులను, మిట్టలను ముందుగా తినును. కాబట్టి మొదట అరుగునవి చెక్కిన పువ్వుల రేకులే. ఒకనాడు పనివాడు తన చేతితో, ఎంతో ఓర్పుతో చెక్కిన పూలగుత్తిని, అనుభవము లేనివాని చక్రము కొద్ది నిమిషములలో మొద్దుబార్చును. పోయిన రేకును మరల తెచ్చుట ఎవరి వల్లను కాదు.

ప్రియులారా, ఇది గిటారును గూర్చిన మాట మాత్రమేనా? తన కుమారుని తీర్చిదిద్దవలెనని పగలు రాత్రి గద్దించు తండ్రి గలడు. సంఘమును పరిశుద్ధముగా నుంచవలెనని బలహీనులను అందరి యెదుట నిలువబెట్టి సిగ్గుపరచు పెద్దలు గలరు. కోడలి పనిలో ప్రతి మచ్చను ఎంచు అత్తగారు గలరు. వారి తలంపు మంచిదే, మెరుపు రావలెననియే. అయితే మచ్చతో కూడ పువ్వు అరిగిపోవుచున్నది. నలిగిన రెల్లును విరువని వాడనియు, మకమకలాడుచున్న వత్తిని ఆర్పని వాడనియు యెషయా ప్రవక్త ఎవనిని గూర్చి చెప్పెనో ఆ ప్రభువు మన యజమానుడు. మలాకీ మూడవ అధ్యాయములో ఆయన వెండిని శుద్ధిచేయువానివలె కూర్చుండునని వ్రాయబడినది. కూర్చుండును అను మాటను గమనింపుడి. తొందరపడువాడు కూర్చుండడు. ఆయన అగ్ని మష్టును తీయును గాని వెండిని నష్టపరచదు. మనము తోమునప్పుడు ఆయన ఓర్పు మనకు కావలెను.

మూడవది పూత పూయుట. ఇది అన్నిటిలో పెద్ద పని. ముందుగా పాత పూతను తీసివేయుదురు. జిడ్డును కడిగి, ఆసిడులో ముంచి తుప్పును పోగొట్టుదురు. గుంటలను అరగదీసి చదును చేయుదురు. పిమ్మట లోహ లవణములు కరగిన తొట్టిలో వస్తువును వ్రేలాడదీసి విద్యుత్తును ప్రవహింపజేయుదురు. తరచుగా మొదట రాగి, దానిమీద నికెలు, దానిమీద క్రోమియము పట్టును. మనము చూచి మురిసిపోవు ఆ నీలిచాయ మెరుపు పొర, అనగా క్రోమియము, సాధారణముగా మిల్లీమీటరులో రెండువేలవ వంతు మందమైనను ఉండదు. తల వెండ్రుక దానికంటె నూరంతలకు పైగా లావు.

ఈ పనివారికి ఒక నియమము కలదు, దానిని ప్రతి ప్రసంగీకుడు నేర్చుకొనదగును. పూత దేనిని దాచదు. అడుగున గీత యుండినయెడల పూతమీద కూడ గీత కనబడును. మెరుపువలన మరింత స్పష్టముగా కనబడును. అడుగున జిడ్డు మిగిలినయెడల పూత పట్టదు. పట్టినను కొన్నాళ్లకు పొరలుగా లేచిపోవును. తుప్పు మిగిలినయెడల అది పూత క్రింద తినుచు, ఒకనాడు బొబ్బవలె ఉబికి బయటపడును. కాబట్టి మంచి పనివాడు తన శ్రమలో ఎక్కువ భాగమును తొట్టిలో ముంచకముందే, ఎవరికిని కనబడని శుద్ధిలో వెచ్చించును. గిన్నె లోపల ముందుగా శుభ్రము చేసినచో వెలుపల కూడ శుభ్రమగునని ప్రభువు పరిసయ్యులకు బోధించిన క్రమము ఇదే. హృదయమును కడుగుకొనకయే భక్తిమాటలను పూసికొనువాని సంగతి సామెతల గ్రంథము 26:23లో తేటగా చెప్పబడినది. అది వెండి పూసిన మట్టిపెంకు. చేతితో తట్టినచో మ్రోత వలననే పెంకు తెలిసిపోవును.

అట్లయితే పూత పూయుటయే పాపమా? కాదు. దేవుడే మోషేతో మందసమును తుమ్మకఱ్ఱతో చేయించి దానికి బంగారు రేకు పొదిగింపుమని ఆజ్ఞాపించెను. అయితే ఆ ఆజ్ఞను శ్రద్ధగా చదువుడి. నిర్గమకాండము 25:11లో వెలుపల మాత్రమే గాక లోపల కూడ పొదిగింపవలెనని యున్నది. మందసపు లోపలి భాగమును చూచువారెవరు? దేవుడు తప్ప ఎవరును లేరు. ఎవరును చూడని వైపున కూడ బంగారమే యుండవలెను. అది మోసపు పూత కాదు.

మన ఇండ్లలోని ఇత్తడి పాత్రల కళాయిని కూడ తలంచుకొనుడి. కళాయివాడు పాత్రను నిప్పులమీద కాల్చి, నవాసారపు పొడి చల్లి, తగరమును కరగించి, గుడ్డతో లోపలంతయు రుద్దును. ఎందుకు? పులుసు గాని మజ్జిగ గాని ఇత్తడికి తగిలి చిలుము పట్టి విషము కాకుండుటకు. ఆ పూత పాత్ర లోపల నుండును. చూపరుల కొరకు గాక తినువారి ప్రాణము కొరకు నుండును. కళాయి అరిగిపోవునని అందరికి తెలియును, అరిగినప్పుడు మరల పెట్టించుకొందురు. అది ఎవరినీ మోసపుచ్చదు. తాను ఇత్తడి కాదనియు చెప్పదు, వెండిననియు చెప్పదు.

కాబట్టి పూత మంచిదో చెడ్డదో తెలిసికొనుటకు మూడు ప్రశ్నలు అడుగవలెనని మేము తలంచుచున్నాము.

అది నిజము చెప్పుచున్నదా? అమెరికాలో పాత గిటారులను కొనువారు, పూర్వపు పూతతోనే యున్నదానికి, అరిగినను సరే, ఎక్కువ వెల ఇచ్చుట సాధారణము. మరల పూత వేయించినదానికి వెల తగ్గును. తన గిటారుకు తాను పూత వేయించుకొనుట ఒకని ఇష్టము. పూత వేయించి, తరువాత ఇది మొదటి పూతయే అని చెప్పి అమ్ముట దొంగతనము. చెప్పక ఊరకుండుట కూడ అంతకు తక్కువ కాదు. న్యాయమైన త్రాసులు, న్యాయమైన గుండ్లు మీకుండవలెనని లేవీయకాండము పందొమ్మిదవ అధ్యాయములో దేవుడు ఆజ్ఞాపించెను. ముసలి ఎద్దు కొమ్ములకు రంగు వేసి సంతకు తోలువాడును, తడిసిన ధాన్యముపైన పొడి ధాన్యము పోసి బస్తా కుట్టువాడును, పెండ్లిచూపులలో పిల్లవాని జబ్బును దాచు తల్లిదండ్రులును ఈ ఆజ్ఞకు లోబడినవారే. జర్మన్ సిల్వరును జర్మన్ సిల్వరని చెప్పి అమ్మువాడు నీతిమంతుడు. వెండియని అమ్మువాడు అబద్ధికుడు. లోహము ఒకటే. చెప్పిన మాటలో భేదమున్నది.

అది దేనిని కప్పుచున్నది? రెహబాము రాజు చరిత్ర 1 రాజులు 14వ అధ్యాయములో కలదు. ఐగుప్తు రాజైన షీషకు వచ్చి సొలొమోను చేయించిన బంగారు డాళ్లను ఎత్తుకొనిపోయెను. దేశము దేవుని విడిచినందున ఈ నష్టము వచ్చినదని రాజు కన్నీరు కార్చి ఊరకుండలేదు. ఇత్తడి డాళ్లను చేయించి, రాజు మందిరమునకు పోవునప్పుడెల్ల కాపలావారు వాటిని మోయునట్లు ఏర్పరచెను. ఊరేగింపు ఆగలేదు. దూరమునుండి చూచువారికి మెరుపు కూడ తగ్గలేదు. పోయినది బంగారము మాత్రమే! ప్రార్థన పోయి ప్రార్థన కూటము మిగిలిన సంఘము, ప్రేమ పోయి వందనములు మిగిలిన సహోదరత్వము ఇట్టివే. క్రిస్మసుకు గుడికి సున్నము వేయుట మంచిది. సున్నము కొట్టిన గోడల నడుమ ఇద్దరు సహోదరులు సంవత్సరముల తరబడి మాటలాడుకొనకుండుట మంచిది కాదు.

దాని వెల ఎవరు చెల్లించుచున్నారు? ఇది మనము తరచుగా మరచు ప్రశ్న. క్రోమియపు తొట్టి నుండి లేచు ఆవిరి మిక్కిలి హానికరము. పూర్వమునుండి వాడుచున్న ఆ రకపు క్రోమియము చేతులమీద పుండ్లు పుట్టించును. ముక్కులోని అడ్డుగోడను తొలుచును. ఊపిరితిత్తులకు క్యాన్సరు తెచ్చునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1990లో నిశ్చయముగా ప్రకటించినది. ఆ తొట్టి నీటిని శుద్ధిచేయక కాలువలోనికి వదలినయెడల ఊరి బావులు చెడును. ఆవిరిని లాగివేయు ఏర్పాటు, చేతి తొడుగులు, నీటిని శుద్ధిచేయు పద్ధతి కలవు. అంత హాని చేయని మరియొక రకపు క్రోమియము కూడ నేడు వాడుకలోనికి వచ్చినది. వీటితో చేయు పనిని మేము తప్పుపట్టము. అయితే చవుకగా చేసిపెట్టు చీకటి కొట్టములో ఒక పేదవాడు వట్టి చేతులతో ముంచి తీసిన మెరుపు మనకెంత విలువైనది? దావీదు బేత్లెహేము బావినీటిని ఆశించగా ముగ్గురు శూరులు ప్రాణమునకు తెగించి తెచ్చిరి. దావీదు ఆ నీళ్లు త్రాగలేదు. అది వారి ప్రాణముతో సమానమని ఎంచి యెహోవా సన్నిధిని పారబోసెను. దాహము తీర్చు నీటి విషయములోనే అతడు అంత భయపడగా, కంటికి ఇంపైన మెరుపు విషయములో మనమెంత భయపడవలెను!

ఇంతవరకు మెరుపును ప్రేమించువారితో మాటలాడితిమి. మెరుపును ద్వేషించువారితో కూడ ఒక మాట చెప్పవలెను. పాతదనము కూడ వేషము కాగలదు. 1995నుండి అమెరికాలో పేరుగల గిటారు కంపెనీయొకటి కొత్త గిటారులకే గీతలు పెట్టి, రంగు గోకి, లోహమును మసకపరచి, ఎన్నో ఏండ్లు వాయింపబడినట్లు కనబడునట్లు చేసి అమ్ముచు వచ్చినది. కొనువాడు సంగతి తెలిసియే కొనుచున్నాడు గనుక అది వంచన కాదు. అయినను ఆలోచింపుడి: వాయించిన శ్రమ లేదు, వాయించిన గురుతు కావలెను! ఉపవాసమున్నట్లు మనుష్యులకు కనబడవలెనని ముఖములను వికారము చేసికొనువారిని ప్రభువు మత్తయి 6:16లో గద్దించెను. చినిగిన బట్టలో కూడ గర్వముండవచ్చును. దీనుడనని పదిమందిలో చెప్పుకొను మాటకంటె పలుచని పూత మరియొకటి లేదు.

అరుగుదలయందు రెండు విధములున్నవని కూడ తెలిసికొనవలెను. వాయించువాని అరచేయి ఆనుకొని ఆనుకొని అరిగిన చోటు ఒకటి. మూలన పడవేసినందున తుప్పు తినిన చోటు మరియొకటి. చూచువానికి రెండును మచ్చలే. అయితే ఒకటి సేవ గురుతు, ఒకటి నిర్లక్ష్యపు గురుతు. తుప్పును ఆపవలెను, ఏలయనగా అది నిలిచియుండదు, తినుచునే యుండును. బలిసినప్పుడు మరల పూత వేయింపక తీరదు. అప్పుడు పూత మేలు చేయును. అరచేతి గురుతును మాత్రము తొందరపడి చెరపివేయవలదు. అరువది సంవత్సరములు ఆదివారపు ఆరాధనలో ఆనుకొనిన చేతికి అదొక్కటే సాక్ష్యము. ఆ చేయి మట్టిలో కలిసిపోయినది. దాని చోటు లోహముమీద మిగిలియున్నది.

ఇక్కడ మేము మన ప్రభువును తలంచుకొనక ఉండలేము. మృతులలోనుండి లేచిన ఆయన దేహము మహిమగలది. తలుపులు మూసియుండగానే శిష్యుల మధ్యను వచ్చి నిలిచెను. అట్టి దేహమునందు మేకుల గురుతులును ప్రక్కలోని గాయమును ఎందుకు మిగిలెను? మరణమును గెలిచినవానికి ఒక మచ్చను మాన్పుట కష్టమా? ఆయన వాటిని చెరపివేయలేదు. తోమాకు వాటినే చూపి, చేయి చాపి ముట్టి చూడుమనెను. ఆ గురుతులను చూచియే తోమా తన ప్రభువును గురుతుపట్టి, దేవుడని ఒప్పుకొనెను. పరలోకపు మహిమ గాయములను కప్పు పూత కాదు. గాయములే మహిమగా మారిన దినము అది. పాపపు మలినమంతయు పోవును. ప్రేమవలన పొందిన గురుతు నిలుచును.

ఈ సత్యము మన సంఘములలో ఎక్కడ అక్కరకు వచ్చునో చెప్పి ముగింతుము. నాట్లు వేసి వేసి వ్రేళ్లు వంకరపోయిన తల్లులు మన మధ్యనున్నారు. బండలు మోసి భుజము కాయలు కాచిన తండ్రులున్నారు. నలుబది ఏండ్లు పల్లె పల్లెకు నడచి వాక్యము చెప్పిన వృద్ధ ఉపదేశులున్నారు. వారి గొంతు ఇప్పుడు వణకుచున్నది, వారి కీర్తనల రాగము పాతబడినదని యౌవనస్థులు నవ్వుచున్నారు. పండుగ దినమున ముందు వరుసలో ఎవరిని కూర్చుండబెట్టుచున్నాము? మెరిసెడి వారినా, అరిగిన వారినా? వారిని కప్పిపెట్టుట సంఘమునకు అందము కాదు. వారిమీది గురుతులు నిర్లక్ష్యపు తుప్పు కాదు, ప్రభువు పనిలో ఆనుకొనిన చేతుల గురుతులు. మరియు వారు మూలన పడి తుప్పుపట్టుచున్నయెడల ఆ నేరము వారిది కాదు, మనది.

కాబట్టి ఈ నెలలో ప్రతివాడును తన్ను తాను పరీక్షించుకొనును గాక. మనలో కడుగవలసినది ఏది? దానిని నేడే కడుగుకొందము. ఇతరులను తోమునప్పుడు వారి పువ్వును అరగదీయుచున్నామా? చేయి తేలిక చేసికొందము. మనమీద నున్న పూత లోపల కూడ ఉన్నదా? లేనియెడల లోపలినుండి ప్రారంభింపుమని దేవుని వేడుకొందము. మన మెరుపునకు వేరొకరు ఊపిరి చెల్లించుచున్నారా? అట్టి మెరుపును మానుకొందము. సేవలో అరిగిన చోటు ఏదైనను మనయందున్నయెడల సిగ్గుపడక దానిని ప్రభువు చేతికే అప్పగింతము. తన చేతులలో మేకుల గురుతులు గలవాడు దానిని తృణీకరింపడు.

దేవుడు ఈ మాటలను మన హృదయములలో ఫలింపజేయును గాక. ఆమేన్.